గోడు కుర్చీ

రేగులవలస మార్కెట్ యార్డులో నేను ముప్పై ఆరేళ్ళు కాటా పట్టాను. నేను తూచని సరుకు లేదు. చింతపండు తూచాను, జీడిపిక్కలు తూచాను, పిప్పళ్ళు తూచాను. పెద్ద తుఫాను వచ్చిన ఏడు యార్డులోకి గాలి దూరి ఖాళీ గోనెలన్నీ ఉబ్బిపోతే, ఒక గోనె మూతి బిగించి కట్టి గాలిని కూడా తూచాను. బస్తాకి పద్నాలుగు కిలోలు తేలింది. తడిగాలి కదా, ఆ మాత్రం ఉంటుంది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నమ్మాలి. ఎందుకంటే ఇందులో వెధవని నేనే. తనని తాను వెధవని చేసుకునే అబద్ధం ఎవడూ ఆడడు.

మా మనవరాలు రోహిణి ఊరి చివర ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. మనిషి నోరు విప్పకుండానే వాడి అవసరం ఎంతో కొలిచే కుర్చీ ఒకటి తయారుచేసింది. చేతుల కింద రెండు రాగి రేకులు, మెడకి ఒక పట్టీ, ఎదురుగా ఒక తెర. తెర మీద గోతుల రోడ్డు బొమ్మ వేస్తే, రోజూ ఆ గోతుల్లో పడి లేచేవాడి గుండె, చెమట, ఊపిరి ఏమంటున్నాయో ఆ కుర్చీ వింటుంది. విని, సున్నాకీ నూరుకీ మధ్య ఒక అంకె చెబుతుంది. దానికి రోహిణి పెట్టిన పేరు పొడుగ్గా ఇంగ్లీషులో ఉంది. ఊరు మాత్రం గోడు కుర్చీ అంది.

ఆ ఏడే మా మునిసిపాలిటీకి పట్టణాభివృద్ధి నిధులు వచ్చాయి. ఏ పనికి వాడాలో జనమే తేల్చుకోవాలని పైనుంచి ఉత్తర్వు. చేతులెత్తే సభలు మాకు కొత్త కాదు. బిరియానీ పొట్లం ఎవరిదైతే చెయ్యి వాళ్ళదే. నేనే ఒకసారి రెండు పొట్లాలు తిని రెండు చేతులూ ఎత్తాను. అందుకని ఈసారి చేతులు వద్దు, కుర్చీలు పెడదామని అందరూ ఒప్పుకున్నారు. నిజం చెప్పొద్దూ, మంచి ఆలోచనే.

అప్పుడు రోహిణి ఒక చిక్కుతో నా దగ్గరికొచ్చింది.

"తాతా, ఒకడికి ఊరికే గుండె దడదడలాడుతుంది. ఇంకొకడు బండరాయి. ఇద్దర్నీ ఒకే కాటా మీద ఎలా తూయను?"

"ఓసి పిచ్చిగుంటా!" అన్నాను మీసం దువ్వుకుంటూ. "ఒకడు గంపతో తెస్తాడు, ఒకడు గోనెతో తెస్తాడు. నానెలాగ తూచీనాను? ముందు గంప బరువు కొట్టెయ్యాల. ఆ తరవాత ముల్లు ఏటి సెప్తే అదే సరుకు."

అది ఎగిరి గంతేసింది. అలాగే చేసింది. కూర్చున్న మనిషి ముందు రెండు నిమిషాలు కదలకుండా ఉండాలి. ఆ మనిషి రోజూ ఎలా ఉంటాడో అదే వాడి సున్నా. బొమ్మ చూశాక దానికి మించి ఎంత పెరిగితే అంతే వాడి గోడు. ఆ కిటుకు నాదేనని టీ కొట్టు దగ్గర వారం రోజులు కోశాను. నా నోరు కాలిపోను.

నా భార్య పైడమ్మ కూరల మార్కెట్టులో ఆకుకూరలు అమ్ముతుంది. నలభయ్యేళ్ళ బేరం. తెల్లారకముందు వెళితే పొద్దుగూకాకే రావడం. ఆ మార్కెట్టులో ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఒక్క మరుగుదొడ్డి లేదు. వెనకటికి రైసుమిల్లు వెనక తుప్పలుండేవి. ఇప్పుడక్కడ షాపింగ్ కాంప్లెక్సు లేచింది. అందుకని వాళ్ళు నీళ్ళు తాగరు. పొద్దున్న అరగ్లాసు టీ, ఆపైన నాలుక కింద ఒక ఎండు ఉసిరిముక్క. దాహమేస్తే దాన్ని ఈ దవడ నుంచి ఆ దవడకి తిప్పడం. కొత్తగా బేరానికి కూర్చున్న పిల్లకి తక్కెడ పట్టడం కన్నా ముందు నేర్పే విద్య అది.

ఎండాకాలంలో పైడమ్మకి నడుము పక్కన నొప్పొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కిడ్నీలో రాయి ఉందన్నాడు డాక్టరు. "రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగాలమ్మా. లేకపోతే ఆ కిడ్నీ దక్కదు" అన్నాడు.

"తాగితే ఎక్కడికెల్లాల బాబూ? మీ ఆస్పత్రికి రావాలా?" అంది పైడమ్మ. డాక్టరు కుర్రవాడు. తల దించుకుని మందుల చీటీ రాశాడు.

మార్కెట్టుకి మరుగుదొడ్లు కావాలని పదకొండేళ్ళుగా పైడమ్మ తిరగని గుమ్మం లేదు. ఇద్దరు చైర్మన్లు మారారు, అర్జీ మారలేదు. అందుకే కుర్చీ సంగతి విన్నాక నేను వేళాకోళం ఆడాను. "ఈపాలి నువ్వు నోరు నొప్పెట్టేలాగ అడగక్కర్లేదే. కుర్చీలో కూకో. నీ గోడు అదే సెప్తాది. నా దగ్గర నలభయ్యేళ్ళు సెప్పినదంతా సెప్పీయకుండా సూసుకో."

"నీ మీద గోడు పట్టే కుర్చీ ఇంకా పుట్నేదులే" అంది.

మునిసిపల్ హాల్లో పన్నెండు కుర్చీలు వేశారు. తొమ్మిది రోజులు ఊరంతా వార్డుల వారీగా వచ్చి కూర్చుంది. పైడమ్మ బేరం మధ్యలో లేచి, ఉసిరిముక్క నోట్లో ఉండగానే వచ్చింది. రెండు నిమిషాలు బొమ్మలా కూర్చుంది. తెర మీద గోతుల రోడ్డు వచ్చింది, చీకటి వీధి వచ్చింది, పొంగే కాలవ వచ్చింది. ఆఖరికి వాళ్ళ మార్కెట్టు వచ్చింది. గంపల వరస, ఏ పక్కా చాటు లేని ఖాళీ గోడ.

పైడమ్మ నవ్వింది. "ఓలప్పా! అసిరమ్మ ఉల్లిపాయల గంప కూడా పడిందే!"

అంకె చూశాను. సున్నా.

కుర్చీ దగ్గరున్న అమ్మాయి మళ్ళీ కూర్చోబెట్టింది. మళ్ళీ సున్నా. ఉల్లిపాయల అసిరమ్మకి సున్నా. ఆ వరసలో ముప్పై ఏడు మందికి సున్నాయే. మూడు వారాల కిందట బేరానికి కూర్చున్న కొత్త పిల్ల ఒక్కదానికే ఎనభై మూడు. నాకు అప్పుడైనా వెలగాలి. వెలగలేదు.

అరవింద కాలనీలో నడకదారి లైట్లు పదకొండు రోజులుగా వెలగడం లేదు. అక్కడి రిటైర్డు ఆఫీసరు గారి భార్యకి తొంభై ఒకటి వచ్చింది. ఆవిడ అబద్ధమాడలేదు. బొమ్మ చూసి నిజంగానే ఆవిడ భయపడింది. ఆవిడది పదకొండు రోజుల కొత్త చీకటి.

లెక్కలన్నీ తేలిన రోజు చైర్మన్ జగన్నాథంనాయుడు మైకు పట్టుకున్నాడు. "యంత్రానికి కులం లేదు, పార్టీ లేదు, బిరియానీ లేదు! అది చెప్పిందే చేద్దాం. కాలనీ నడకదారికి కొత్త లైట్లు, మధ్యలో రంగుల ఫౌంటెను. మార్కెట్టు మరుగుదొడ్లు అన్నిటికన్నా అడుగున ఉన్నాయి. ఆడవాళ్ళకే ఆ బాధ లేనప్పుడు మనకెందుకండీ?"

జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో కొందరు ఆ మార్కెట్టులోనే రోజూ కూరలు కొంటారు.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాం. పైడమ్మ కంచం వైపు చూస్తూ అంది, "మాకు బాద నేదట."

"మిసను మాటలేవే!"

"నిజవే కావాల. మిసను అబద్దం ఆడదు కదా. నానే పదకొండేళ్ళు అందర్నీ ఊరికే ఇసిగించీసినాను."

పైడమ్మ తప్పు ఒప్పుకోవడం నేనెన్నడూ వినలేదు. పెళ్ళిలో నా కాలు తొక్కి కూడా, కాలు అక్కడెందుకు పెట్టావని నన్నే తిట్టింది. అలాంటి మనిషి ఇవాళ ఊరికి క్షమాపణ చెబుతోంది. చెబుతున్నంతసేపూ ఎడమ చెయ్యి నడుము పక్కన అదిమి పట్టుకునే ఉంది. ఆ చెయ్యి అక్కడుందని తనకే తెలియదు.

కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాను. కర్రీ పాయింట్ పక్కన కంకర గుట్టలోంచి గుప్పెడంత రాయి తీసుకున్నాను. ఇంటి గంప ఒకటి చంకన పెట్టుకుని ల్యాబుకి నడిచాను.

"నీ కాడ కాటా ఉందేటే?" అన్నాను రోహిణితో.

ల్యాబులో సామాను తూచే కాటా ముందు పెట్టింది. గంప అడుగున రాయి పెట్టి, పైన తుండుగుడ్డ కప్పి, కాటా మీద పెట్టాను. "గంప బరువు కొట్టెయ్యి" అన్నాను. మీట నొక్కింది. అంకె సున్నాకి దిగింది.

"ఇప్పుడు గుడ్డ గంపలోనే పక్కకి జరుపు."

జరిపింది. రాయి కనబడింది. కాటా మీద సున్నా అలాగే ఉంది.

"రాయి ఎక్కడికెల్లిపోనాదే?" అని అరిచాను. "సెప్పు! ఎక్కడికెల్లిపోనాది? ఇన్నేళ్ళ రాయి! దాన్ని గంప అనుకుని కొట్టీసినావు!"

"నువ్వు చెప్పిందే చేశాను తాతా!" అని అదీ అరిచింది. "బరువు కొట్టేయమన్నది నువ్వు కాదూ?"

"నానే! నానే కొట్టీమన్నాను! అందుకే నాకు మండిపోతంది!"

రోహిణి గంపలోంచి ఆ రాయి పైకి తీసింది. తర్వాత మెల్లగా అంది, "కొట్టెయ్యకపోతే అన్నీ కలిసిపోతాయి తాతా. నానమ్మ మోకాలి నొప్పి, మా నాన్న పోయిన దిగులు, నీ మీద కోపం. అందులో మరుగుదొడ్డి లేని బాధ ఎంతో ఎలా తేలుతుంది? అసలైన ఖాళీ గంప కావాలి. ఆ బాధ లేనప్పుడు వాళ్ళ ఒళ్ళు ఎలా ఉంటుందో తెలియాలి. ఆ బాధ లేని రోజు వాళ్ళకెప్పుడుంది?"

అదీ సంగతి. ఖాళీ గంపని మేమే తయారుచెయ్యాలి. దసరా సెలవులు, కాలేజీ ఖాళీ, ల్యాబు పక్కనే అమ్మాయిల బాత్‌రూములు. మూడు రోజులు ఆ ఆడవాళ్ళు అక్కడుండి కడుపు నిండా నీళ్ళు తాగితే, మూడో రోజు సాయంత్రం కుర్చీ వాళ్ళ సున్నా తీసుకుంటుంది. నాలుగో రోజు మార్కెట్టులోనే మళ్ళీ కూర్చోబెడతాం.

ఈ మాట ఉల్లిపాయల కొట్టు దగ్గర చెప్పాను. అసిరమ్మ చాట నేలకేసి కొట్టింది.

"మూడ్రోజులు మారాజుల్లాగ నీల్లు తాగీసి, నాలుగో రోజు ఆపుకోమంటే ఈ పాడు వొల్లు మాటింటదేటి మాంవా? ఈ ఇద్దె రావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఇక్కడ కూకుని సీర తడుపుకున్న రోజులున్నాయి, తెలుసా నీకు? అలవాటు తెగిపోయినాక ఆల్లు దొడ్లు కట్టకపోతే మా గతేటి?"

నాకు తెలియదు. ముప్పై ఆరేళ్ళు ఆ పక్క యార్డులోనే ఉన్నాను, తెలియదు. వంగి ఆ చాట తీసి అసిరమ్మ చేతికిచ్చాను.

పైడమ్మ నోట్లోంచి ఉసిరిముక్క తీసి, దాన్ని ఒకసారి చూసి, కాలవలోకి విసిరేసింది. "నాకైతే ఎలాగా ఒక కిడ్నీ పోతాదట. నానెల్తాను. మీరు మీ ఇష్టం."

ఇరవై ఆరు మంది వచ్చారు. మిగిలిన పన్నెండు మంది రాలేదు గాని, వచ్చినవాళ్ళ గంపలు తామే అమ్మిపెడతామన్నారు.

ఆ మూడు రోజులూ ఆ ల్యాబు పెళ్ళివారి విడిదిలా ఉంది. బిందెలకి బిందెలు నీళ్ళు. మొదటి రోజు మొహమాటంగా గుక్క గుక్క తాగారు. రెండో రోజు పందెం వేసుకుని తాగారు. అసిరమ్మ ఎనిమిది చెంబులు తాగిందని అందరూ అంటారు, నేను లెక్కపెట్టినప్పుడు ఇరవై రెండు. పైడమ్మ కిటికీ పక్కన కూర్చుని గ్లాసు ఖాళీ చేసి, "నీల్లకి ఇంత రుసుంటాదని మరిసిపోనాను" అంది. నడుము పక్కన చెయ్యి లేదు. మూడో రోజు సాయంత్రం కుర్చీలు వాళ్ళ సున్నా తీసుకున్నాయి.

నాలుగో రోజు రెండు కుర్చీలు ఆటోలో వేసుకుని మార్కెట్టుకి వచ్చాం. తొమ్మిదింటికల్లా ఆడవాళ్ళ మాటలు తగ్గాయి. పదకొండింటికి బేరాల్లో లెక్కలు తప్పాయి. పన్నెండింటికి పైడమ్మని కూర్చోబెడితే తొంభై ఏడు. కుర్చీ చేతుల్ని పట్టుకుని పళ్ళు బిగించింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇదేటే గుంటా ఇది? రోజూ నాకిలాగే ఉండేదేటి?" అంది రోహిణితో.

"రోజూ ఇలాగే ఉండేది నానమ్మా. నీకు వినబడేది కాదు."

అసిరమ్మ కూర్చుంటే కుర్చీ అంకె చెప్పలేక కీచుమంది. అసిరమ్మ ఒక్క ఉదుటున లేచి కాంప్లెక్సు వైపు పరిగెత్తింది. అక్కడన్నీ షట్టర్లే. తిరిగొచ్చేటప్పుడు తల ఎత్తలేదు. చీర మార్చుకోవడానికి ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళిపోయింది. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మర్నాడు కౌన్సిల్ సమావేశంలో రోహిణి లేచి నిలబడింది. "నా కుర్చీ తప్పు తూచింది. మొదటి లెక్క రద్దు చెయ్యండి. ఇవిగో, సరిగ్గా తూచిన అంకెలు."

జగన్నాథంనాయుడు ఆ కాగితాలు ముట్టుకోలేదు. "మనిషికి ఒకసారేనని తీర్మానం చేశాం కదమ్మా. ఫౌంటెనుకి మొన్ననే శంకుస్థాపన కూడా అయింది. వచ్చే విడత నిధుల్లో చూద్దాం." తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. "ఇన్నేళ్ళు ఓర్చుకున్నారు, మళ్ళీ అలవాటు చేసుకుంటే సరిపోతుంది. ఎన్నాళ్ళు పడుతుందేంటి?"

"ఆరేళ్ళు బాబూ" అంది అసిరమ్మ.

నేను కుర్చీ ఎక్కి నిలబడి ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. ఆ మాటల్లో కొన్ని యార్డులో ఎద్దుల్ని కూడా అనేవాళ్ళం కాదని తర్వాత చెప్పారు. ఇద్దరు నా రెక్కలు పట్టి బయటికి తోశారు. ఆ సాయంత్రమే కాలేజీ వాళ్ళు రోహిణిని ఇక ల్యాబుకి రావద్దన్నారు. అది ఇంటికొచ్చి మూలన కూర్చుంది. "తప్పు తూచినన్నాళ్ళూ నన్ను మెచ్చుకున్నారు తాతా" అంది.

తెల్లారింది. పైడమ్మ ఇక బేరానికి వెళ్ళదనుకున్నాను. లేచి రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగింది. గంప నెత్తిన పెట్టుకుంది.

"ఎక్కడికే?"

"బేరానికి."

మార్కెట్టు వైపు తిరగలేదు. మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. నేనూ రోహిణీ వెనక నడిచాం. అప్పటికే అసిరమ్మ వరండాలో ఉల్లిపాయలు కుప్ప పోస్తోంది. ముప్పై ఎనిమిది గంపలు వచ్చాయి. ల్యాబుకి రాని పన్నెండు మందీ వచ్చారు. మెట్ల మీద వంకాయలు, నోటీసు బోర్డు కింద గోంగూర. గుమాస్తాలు ముందు సంతోషించారు. ఇద్దరు బెండకాయలు కూడా కొన్నారు.

పదింటికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి లోపలికి వెళ్ళి, ఆఫీసర్ల మరుగుదొడ్డి ముందు వరస కట్టారు. దానికి తాళం. వరస పెరిగి గుమ్మం దాటింది. అప్పుడే జగన్నాథంనాయుడు కారు దిగాడు.

"ఏంటమ్మా ఇది? ఆఫీసా, సంతా?"

"మాకు బాద నేదన్నారు కదా బాబూ" అంది పైడమ్మ. "ఉందో నేదో మీకే సూపిద్దారని వొచ్చినాం. ఇంకో గంటాగితే ఈ సిమెంటు గచ్చు మీదే తెలుస్తాది."

"పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలు. ఆడపోలీసుల్నే పిలు."

పిలిచాడు. నలుగురు ఆడ కానిస్టేబుళ్ళు వచ్చారు. తెల్లారినప్పటి నుంచి ఏదో ఊరేగింపు బందోబస్తులో ఎండలో నిలబడి వచ్చినవాళ్ళు. లాఠీలు పట్టుకుని లోపలికి వచ్చి, వరస ఎందుకో కనుక్కున్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దావిడ టోపీ తీసి చంకలో పెట్టుకుని, అసిరమ్మ వెనక నిలబడింది. మిగతా ముగ్గురూ ఆవిడ వెనక నిలబడ్డారు.

మునిసిపల్ కమిషనరు తన గదిలోంచి పరుగున వచ్చి తాళంచెవి పైడమ్మ చేతిలో పెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి, ఇంకా గంపలు కదలకపోయేసరికి, ఫౌంటెను ఆపి మార్కెట్టు మరుగుదొడ్లు ముందు కట్టాలని కౌన్సిల్ సంతకాలు చేసింది. రోహిణి ఆ కాగితం రెండుసార్లు పైకి చదివింది. కుర్చీలోని అంకె ఒక్కటీ అందులో లేదు. "సిబ్బంది సౌకర్యార్థం" అని ఉంది.

కమిషనరు చెయ్యి చాపాడు. "సంతకాలైపోయాయి కదమ్మా. ఇంక తాళంచెవి ఇచ్చేయండి."

పైడమ్మ దాన్ని కొంగు చివర వేసి, మూడు ముళ్ళు బిగించి, బొడ్లో దోపుకుంది.

"గోడలు లెగిసి, తలుపులెట్టి, కుళాయిలో నీల్లొచ్చినాక ఇస్తాను బాబూ. అందాకా మీకు అవసరవైతే మొహమాటపడకండి. మార్కెట్టుకొచ్చి నన్నడగండి."